ప్రసవం ఒకటే.. బిల్లులు వేరు! డెలివరీ ఖర్చులో ఇంత తేడా ఎందుకు? అసలు లెక్క ఇదీ..

"ఆపరేషన్ చేయాల్సి వస్తోంది.. కౌంటర్లో డబ్బులు కట్టేసి రండి." లేబర్ రూమ్ తలుపు సగం తెరిచి నర్సు ఈ మాట చెప్పగానే బయట బెంచీ మీద కూర్చున్న వాళ్ల గుండెల్లో రాయి పడుతుంది. లోపల అమ్మాయి ఎలా ఉందోనన్న కంగారు ఒకవైపు. చేతిలో ఉన్న డబ్బు సరిపోతుందా అన్న భయం మరోవైపు. ఆ టైమ్‌లో "ఎంతవుతుంది? ఎందుకంత?" అని అడిగే ధైర్యం ఎవరికి ఉంటుంది? అడిగినా, అక్కడి నుంచి లేచి వేరే ఆసుపత్రికి వెళ్లే పరిస్థితి ఉండదు.

మన దగ్గర తొలి కాన్పు అంటే పుట్టింటి వాళ్ల బాధ్యత. పెళ్లికి చేసిన అప్పు ఇంకా తీరకముందే పురుడు ఖర్చు వచ్చి పడుతుంది. చిట్టీ పాడేవాళ్లు కొందరు, బంగారం తాకట్టు పెట్టేవాళ్లు కొందరు. విచిత్రం ఏంటంటే.. ఒకే ఊళ్లో, ఒకే వీధిలో, రెండు ఆసుపత్రుల్లో ఒకే రకం డెలివరీకి బిల్లులు రెండింతలు, మూడింతలు తేడాగా ఉంటాయి. ఆ తేడా ఎక్కడ పుడుతోంది? ఎవరు నిర్ణయిస్తున్నారు? ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందు లెక్కలు చూద్దాం

2017-18లో జాతీయ నమూనా సర్వే సంస్థ దేశవ్యాప్తంగా వైద్య ఖర్చులపై సర్వే చేసింది. దాని ప్రకారం పల్లెల్లో ప్రభుత్వ ఆసుపత్రిలో ఒక కాన్పుకు సగటున రూ.2,400 వరకు ఖర్చవుతుంటే, ప్రైవేటులో దాదాపు రూ.20,800 అయ్యింది. పట్టణాల్లో ఇదే ప్రభుత్వ ఆసుపత్రిలో రూ.3,100 దాకా, ప్రైవేటులో రూ.29,000 పైన. అంటే గడప మారితే ఖర్చు ఎనిమిది, తొమ్మిది రెట్లు! ఇవి నార్మల్, సిజేరియన్ అన్నీ కలిపి తీసిన సగటులు. పైగా ఏళ్ల కిందటి లెక్కలు. ఇప్పుడు హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో ప్రైవేటు ఆసుపత్రి మెట్లెక్కిన వాళ్లకు ఈ అంకెలు చూస్తే నవ్వొస్తుంది.

ఇక రెండో లెక్క. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో వంద కాన్పుల్లో 21 నుంచి 22 సిజేరియన్లు. ఆంధ్రప్రదేశ్‌లో 42. తెలంగాణలో ఏకంగా 60.7 శాతం! దేశంలోనే ఇది టాప్. తెలంగాణలో ప్రైవేటు ఆసుపత్రుల వరకే చూస్తే 81.5 శాతం. అంటే ప్రైవేటులో చేరిన ప్రతి ఐదుగురిలో నలుగురికి కత్తెర పడుతోంది. ఏపీ ప్రైవేటు ఆసుపత్రుల్లో ఇది 63 శాతం. కరీంనగర్ జిల్లాలో అన్ని ఆసుపత్రులూ కలిపి చూసినా పదింట ఎనిమిదికి పైగా ఆపరేషన్లే.

ఈ రెండు లెక్కలనూ పక్కపక్కన పెట్టి చూడాలి. ఏ ఆసుపత్రి, ఏ పద్ధతి.. బిల్లును తేల్చేవి ప్రధానంగా ఈ రెండే. ఆ తర్వాతే మిగతావన్నీ.

బిల్లులో ఏమేం ఉంటాయి?

చాలామంది డెలివరీ ఖర్చు అంటే డాక్టర్ ఫీజు అనుకుంటారు. నిజానికి బిల్లులో అది ఒక వరుస మాత్రమే. గది అద్దె, లేబర్ రూమ్ చార్జీ, ఆపరేషన్ థియేటర్ చార్జీ, సర్జన్ ఫీజు, అసిస్టెంట్ ఫీజు, మత్తు డాక్టర్ ఫీజు, పుట్టగానే బిడ్డను చూసే పిల్లల డాక్టర్ ఫీజు, నర్సింగ్, మందులు, రక్త పరీక్షలు, స్కానింగ్.. ఇలా సాగుతుంది లిస్టు. నొప్పులు తెలియకుండా వెన్నులో ఇచ్చే ఎపిడ్యూరల్ తీసుకుంటే దానికి వేరే.

పైగా డిశ్చార్జ్ అయ్యేది ఇద్దరు. తల్లి పేరు మీద ఒక బిల్లు, బిడ్డ పేరు మీద ఇంకో బిల్లు. బిడ్డకు కామెర్లు వచ్చి లైటు కింద పెట్టినా, వార్మర్‌లో ఉంచినా, పుట్టగానే టీకాలు వేసినా అవి బిడ్డ ఖాతాలోకి వెళ్తాయి. చాలా కుటుంబాలు లెక్క వేసుకోనిది ఈ రెండో బిల్లునే.

ప్యాకేజీ అంటే అన్నీ కలిపినట్టేనా?

"మా దగ్గర ప్యాకేజీ ఉందండీ." ఈ మాట వినగానే హమ్మయ్య అనుకుంటాం. కానీ ప్యాకేజీలో ఏమున్నాయన్నది సగం విషయం. ఏమేం లేవు అన్నదే అసలు విషయం.

లెక్క అర్థం కావడానికి ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. సిజేరియన్ ప్యాకేజీ రూ.60 వేలు, మూడు రోజులు అన్నారనుకోండి. కుట్లు ఆరలేదని ఇంకో రోజు ఉంచారు.. గదికి రూ.4 వేలు. బిడ్డకు కామెర్లు, రెండు రోజులు ఫొటోథెరపీ.. రూ.10 వేలు. ప్యాకేజీలో లేని మందులు, సామగ్రి.. రూ.14 వేలు. పిల్లల డాక్టర్ విజిట్లు.. రూ.3 వేలు. మొత్తం రూ.91 వేలు. ఎవరూ అబద్ధం చెప్పలేదు, అయినా బిల్లు సగానికి సగం పెరిగింది.

పక్క ఆసుపత్రి వాళ్లు మొదట్లోనే "అన్నీ కలిపి రూ.85 వేలు" అంటే ఎక్కువ చెబుతున్నారు అనిపిస్తుంది. చివరికి చూస్తే అదే తక్కువ! రెండు ఆసుపత్రుల రేట్లను పోల్చేటప్పుడు చాలామంది బోల్తా పడేది ఇక్కడే.

గది మారితే డాక్టర్ ఫీజు కూడా మారుతుందా?

మారుతుంది. చాలా కార్పొరేట్ ఆసుపత్రుల్లో జనరల్ వార్డు, షేరింగ్ రూమ్, సింగిల్ రూమ్, డీలక్స్.. ఒక్కో గదికి ఒక్కో రేటు పట్టిక ఉంటుంది. తేడా గది అద్దెలో మాత్రమే ఉంటుందని అనుకుంటే పొరపాటే. అదే డాక్టర్, అదే థియేటర్, అదే ఆపరేషన్. కానీ సింగిల్ రూమ్ తీసుకున్న వాళ్లకు సర్జన్ ఫీజు, థియేటర్ చార్జీ, కొన్నిచోట్ల పరీక్షల రేట్లు కూడా పెరుగుతాయి. "రోజుకు రెండు వేలేగా తేడా" అని గది మార్చుకుంటే మొత్తం బిల్లే పై మెట్టు ఎక్కుతుంది. ఐసీయూ కాకుండా రోజుకు రూ.5 వేలు దాటిన గదులపై 5 శాతం జీఎస్టీ కూడా ఉంది. 2022 జూలై 18 నుంచి ఇది అమల్లోకి వచ్చింది.

12 గంటల ఎదురుచూపు.. గంటలో ఆపరేషన్

ఇక అసలు కథ ఇక్కడుంది. మొదటి కాన్పు అయితే నొప్పులు మొదలయ్యాక 12 గంటలు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే పడుతుంది. అంతసేపూ ఎవరో ఒకరు పక్కనే ఉండాలి. బిడ్డ గుండె చప్పుడు చూస్తుండాలి, తల్లికి ధైర్యం చెప్పాలి, డాక్టర్ అందుబాటులో ఉండాలి. అర్ధరాత్రి రెండింటికి అవ్వచ్చు, పండగ రోజు అవ్వచ్చు. చివరికి అయినా, ఆసుపత్రికి వచ్చేది తక్కువ బిల్లు.

అదే సిజేరియన్ అయితే? టైమ్ ముందే ఫిక్స్. గంటలోపు పని పూర్తి. థియేటర్, మత్తు డాక్టర్, మందులు, నాలుగైదు రోజుల గది.. అన్నీ బిల్లులో చేరతాయి. తక్కువ టైమ్, ఎక్కువ రాబడి. ఒకే డాక్టరమ్మ నడిపే చిన్న నర్సింగ్ హోమ్ సంగతే చూడండి. పొద్దున ఓపీ, సాయంత్రం ఓపీ, రాత్రి డెలివరీలు. రోజుకు ఇద్దరు ముగ్గురు నొప్పులతో వస్తే ఆమె ఒక్కరే ఎంతసేపని కాచుకుని కూర్చుంటారు? ఆమె చెడ్డవారు కాకపోయినా, ఆ ఏర్పాటే ఆమెను థియేటర్ వైపు నెడుతుంది.

ఒక మాట మాత్రం స్పష్టంగా చెప్పుకోవాలి. అవసరమైనప్పుడు సిజేరియన్ తల్లినీ బిడ్డనూ బతికించే ఆపరేషన్. బిడ్డ అడ్డం తిరిగినా, మాయ కిందకు ఉన్నా, బిడ్డ గుండె చప్పుడు పడిపోతున్నా ఆలస్యం చేయకూడదు. సమస్యంతా అవసరం లేని ఆపరేషన్లతోనే. దేశ జనాభా మొత్తం మీద సిజేరియన్లు 10 శాతం దాటాక తల్లీబిడ్డల మరణాలు ఇంకా తగ్గినట్టు కనిపించలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే చెప్పింది. మరి తెలంగాణలో 60 శాతం ఎందుకు?

డబ్బొక్కటే కారణమా? కాదు!

ప్రైవేటు ఆసుపత్రుల దురాశే కారణం అనేస్తే పని తేలిక. కానీ లెక్కలు ఒప్పుకోవు. తెలంగాణ ప్రభుత్వ ఆసుపత్రుల్లో కూడా సిజేరియన్లు 44.5 శాతం. దేశవ్యాప్తంగా ప్రభుత్వ ఆసుపత్రుల సగటు 14.3 శాతమే. ఆపరేషన్ చేసినందుకు సర్కారు డాక్టర్‌కు పేషెంట్ నుంచి రూపాయి రాదు. అయినా ఇంత ఎక్కువ ఉందంటే వేరే కారణాలూ ఉన్నట్టే.

మొదటిది.. ఒకసారి సిజేరియన్ అయితే రెండోసారీ దాదాపు అదే. కుట్లు విడిపోతాయేమో అన్న భయంతో చాలా ఆసుపత్రులు రెండో కాన్పుకు నార్మల్ ప్రయత్నం చేయవు. పదేళ్ల కిందట జరిగిన ఆపరేషన్ల ప్రభావం ఇవాళ్టి లెక్కల్లో కనబడుతోంది. అంటే తొలి కాన్పులో అనవసరంగా చేసిన ఒక ఆపరేషన్.. రెండు బిల్లులు తెస్తుంది.

రెండోది.. ముహూర్తం. పంచాంగం చూసి, పంతులుగారితో టైమ్ రాయించుకుని వచ్చే కుటుంబాలు తక్కువేం కాదు. "ఫలానా రోజు ఉదయం ఈ టైమ్‌లో తీయండి" అని ఒత్తిడి చేసేది ఇంట్లోవాళ్లే. బిడ్డ జాతకం బాగుండాలని ఆరాటం. కానీ నెలలు పూర్తిగా నిండకముందే తీసిన బిడ్డకు ఊపిరి సమస్య వచ్చే ముప్పు ఎక్కువ. అప్పుడు ఆ బిడ్డ తల్లి ఒడిలో కాదు, ఎన్‌ఐసీయూలో ఉంటుంది.

మూడోది.. భయం. నొప్పులు భరించలేనేమో అని అమ్మాయి భయం. ఏదైనా జరిగితే ఆసుపత్రి మీద దాడి చేస్తారేమో, కేసు పెడతారేమో అని డాక్టర్ భయం. రిస్క్ తీసుకునే బదులు ఆపరేషన్ చేసేయడం సేఫ్ అని ఇద్దరూ అనుకుంటారు.

నాలుగోది.. నొప్పుల సమయంలో పక్కన ఉండేందుకు శిక్షణ పొందిన మంత్రసానులు, అంటే మిడ్‌వైఫ్‌లు, మన ఆసుపత్రుల్లో చాలా తక్కువ. ఈ లోటు తీర్చేందుకు తెలంగాణలో 2017లో కరీంనగర్‌లో నర్సులకు మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టారు. ప్రత్యేక శిక్షణ పొందిన నర్సు గంటల తరబడి పక్కన ఉంటే, డాక్టర్ అవసరమైన చోటే చేయి వేస్తారు. ఖర్చు తగ్గించే అసలైన మార్గాల్లో ఇదొకటి.

చిన్న నర్సింగ్ హోమ్.. పెద్ద ఆసుపత్రి: రేటు తేడా అంతా దోపిడీయేనా?

ఇక్కడ కూడా రెండు వైపులా చూడాలి. చిన్న నర్సింగ్ హోమ్‌లో మత్తు డాక్టర్ ఫోన్ చేస్తే వస్తారు. రక్తం కావాలంటే బ్లడ్ బ్యాంకుకు మనిషిని పరిగెత్తించాలి. బిడ్డకు ఇబ్బంది అయితే వేరే ఆసుపత్రికి అంబులెన్స్‌లో తీసుకెళ్లాలి. అందుకే అక్కడ రేటు తక్కువ.

పెద్ద ఆసుపత్రిలో మత్తు డాక్టర్, పిల్లల డాక్టర్, థియేటర్ స్టాఫ్ 24 గంటలూ డ్యూటీలో ఉంటారు. ఆ రాత్రి ఒక్క కేసూ రాకపోయినా వాళ్లకు జీతం ఇవ్వాల్సిందే. ఎన్‌ఐసీయూ పడకలు ఖాళీగా ఉన్నా మెషిన్ల ఖర్చు ఆగదు. ఆ ఖాళీ గంటల ఖర్చు కూడా మీ బిల్లులోనే పంచుతారు. బీపీ, షుగర్, కవలలు, నెలలు నిండని కాన్పు లాంటి రిస్క్ ఉన్నవాళ్లకు ఆ ఖర్చుకు అర్థం ఉంది. ఏ ఇబ్బందీ లేని ఆరోగ్యవంతురాలికి? ఆమె కొంటున్నది చాలావరకు గది, ఏసీ, లాబీలో సోఫా, బయట బోర్డు.

వీటికి తోడు బయటకు కనిపించని ఖర్చు ఒకటుంది. పేషెంట్‌ను పంపినందుకు కమీషన్. ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర నుంచి అంబులెన్స్ డ్రైవర్ వరకు ఈ ఆరోపణలు చాలాకాలంగా ఉన్నాయి. డాక్టర్లు కమీషన్ ఇవ్వడం, తీసుకోవడం రెండూ 2002 నాటి వైద్య నియమావళి ప్రకారం తప్పే. కానీ ఆ డబ్బు ఎక్కడైనా ఇచ్చారంటే, అది చివరికి వచ్చేది పేషెంట్ జేబులోంచే.

బిల్లును ఒక్కసారిగా పెంచేది ఎన్‌ఐసీయూ

ప్రసవం ఖర్చులో అన్నిటికంటే పెద్ద జూదం ఇదే. ప్యాకేజీలో ఇది దాదాపు ఎక్కడా ఉండదు. రోజు లెక్కన బిల్లు పడుతుంది. వెంటిలేటర్ పెడితే ఒక రేటు, ఆక్సిజన్ అయితే ఒక రేటు, పరీక్షలు, మందులు వేరే. నెలలు నిండని బిడ్డ వారాల తరబడి ఉండాల్సి వస్తే కాన్పు ఖర్చు దాని ముందు చిల్లరలా కనిపిస్తుంది. మధ్యతరగతి కుటుంబాన్ని అప్పుల్లోకి తోసేది చాలాసార్లు ఇదే.

చాలామందికి తెలియని విషయం ఏంటంటే.. జిల్లా ప్రభుత్వ ఆసుపత్రుల్లో నవజాత శిశువుల కోసం ప్రత్యేక వార్డులు ఉన్నాయి. ఎస్‌ఎన్‌సీయూ అంటారు. అక్కడ వైద్యం ఉచితం. హైదరాబాద్‌లో నీలోఫర్ లాంటి పెద్ద పిల్లల ఆసుపత్రి ఉంది. అక్కడ రద్దీ ఉన్న మాట నిజం. కానీ రోజులు గడిచే కొద్దీ బిల్లు కట్టలేని స్థితిలో, ఆస్తి అమ్మే ముందు, బిడ్డను సురక్షితంగా అక్కడికి మార్చవచ్చా అని డాక్టర్‌ను అడగడంలో తప్పు లేదు. మార్చేటప్పుడు వెంటిలేటర్ ఉన్న అంబులెన్స్ తప్పనిసరి.

మందులు బయట కొనుక్కోవచ్చా?

2018 ఫిబ్రవరిలో జాతీయ ఔషధ ధరల నియంత్రణ సంస్థ ఢిల్లీ పరిసరాల్లోని నాలుగు ప్రైవేటు ఆసుపత్రుల బిల్లులను పరిశీలించింది. కొన్ని మందులు, సామగ్రిపై లాభం 1,737 శాతం వరకు ఉన్నట్టు తేలింది! ఎమ్మార్పీ దాటలేదు కదా అంటారు. ఎమ్మార్పీనే ఎక్కువగా వేయించుకుంటే దాటాల్సిన అవసరం ఏముంది? గ్లౌజులు, సిరంజీలు, సెలైన్ సెట్లు, కుట్ల దారం.. ఒక్కోటి చిన్నదే. అన్నీ కలిస్తే బిల్లులో పెద్ద భాగం.

మందులు, పరీక్షలు ఎక్కడ చేయించుకోవాలన్నది పేషెంట్ ఇష్టమని జాతీయ మానవ హక్కుల కమిషన్ రూపొందించిన రోగుల హక్కుల పత్రం చెబుతోంది. ఆసుపత్రి ఫార్మసీలోనే కొనాలన్న ఒత్తిడిపై సుప్రీంకోర్టుకు కూడా కేసు వెళ్లింది. 2025 మార్చిలో తీర్పు ఇచ్చిన కోర్టు తానే ఆదేశాలు ఇవ్వకుండా, విధానం రూపొందించే బాధ్యతను రాష్ట్ర ప్రభుత్వాలకే వదిలేసింది. అంటే బంతి ఇప్పుడు రాష్ట్రాల కోర్టులో ఉంది.

సర్కారు దవాఖానాలో నిజంగా ఫ్రీయేనా?

చట్టం ప్రకారం కాదు, పథకం ప్రకారం ఫ్రీ. 2011 జూన్ 1న మొదలైన జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పు ఉచితం. సిజేరియన్ అయినా ఉచితమే. మందులు, పరీక్షలు, రక్తం, నార్మల్ అయితే మూడు రోజులు, సిజేరియన్ అయితే ఏడు రోజుల వరకు భోజనం, ఇంటి నుంచి ఆసుపత్రికి, తిరిగి ఇంటికి వాహనం.. అన్నీ ఉచితమే. రేషన్ కార్డు ఉండాలన్న షరతు లేదు. ఏ గర్భిణికైనా వర్తిస్తుంది. తెలంగాణలో 102 వాహనాలు, ఏపీలో తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ వాహనాలు ఇందుకే.

మరి సర్వేల్లో ప్రభుత్వ ఆసుపత్రి కాన్పుకు కూడా వేలల్లో ఖర్చు ఎందుకు కనిపిస్తోంది? 2019-21 సర్వేలో దేశ సగటు రూ.2,916. బయట స్కానింగ్ రాయడం, లేని మందులు కొనుక్కోవడం, తోడుగా వచ్చిన వాళ్ల తిండి, ప్రయాణం.. ఇవన్నీ ఉంటాయి. "బిడ్డను చూపించాలంటే చేతిలో ఏమైనా పెట్టండి" అని వార్డులో చేయి చాపడంపై ఫిర్యాదులూ కొత్తవి కావు. దీన్ని అరికట్టకుండా ఎన్ని కిట్లు ఇచ్చినా, పేదింటి అమ్మాయి ప్రైవేటు గడప తొక్కుతూనే ఉంటుంది. ఉచితమైనా జనం ఎందుకు రావట్లేదు అంటే.. అక్కడ మర్యాద దొరకదన్న భయమే పెద్ద సమాధానం.

అలా అని అన్ని సర్కారు ఆసుపత్రులనూ ఒకే గాటన కట్టలేం. హైదరాబాద్‌లో పేట్లబుర్జు, కోఠి ప్రసూతి ఆసుపత్రులు, విశాఖలో ఘోషాసుపత్రి, తిరుపతి ప్రసూతి ఆసుపత్రి.. తరతరాలుగా రిస్క్ కేసులు చూసిన అనుభవం అక్కడి డాక్టర్లది. చిన్న నర్సింగ్ హోమ్ చేతులెత్తేసిన కేసులు చివరికి వెళ్లేది చాలాసార్లు ఇలాంటి చోటికే.

ఆర్థిక సాయాలూ ఉన్నాయి. ప్రధానమంత్రి మాతృ వందన యోజన కింద తొలి కాన్పుకు రూ.5 వేలు, రెండో కాన్పులో ఆడపిల్ల పుడితే రూ.6 వేలు అర్హులకు ఇస్తారు. పేర్లు ముందే అంగన్‌వాడీలో నమోదు చేయించుకోవాలి. ఈఎస్‌ఐ కార్డు ఉన్న ఉద్యోగుల కుటుంబాలకు ఈఎస్‌ఐ ఆసుపత్రిలో కాన్పు ఉచితం.

ఇన్సూరెన్స్ ఉంది కదా అనుకుంటున్నారా?

పాలసీ ఉన్నంత మాత్రాన కాన్పు ఖర్చు వస్తుందని గ్యారంటీ లేదు. సొంతంగా తీసుకున్న పాలసీల్లో ప్రసూతి కవర్ ఉంటే దానికి సాధారణంగా తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ల వరకు వెయిటింగ్ ఉంటుంది. గర్భం వచ్చాక కొంటే ఆ కాన్పుకు పనికిరాదు. కంపెనీ ఇచ్చే గ్రూపు పాలసీల్లో వెయిటింగ్ ఉండకపోవచ్చు కానీ ఇంత వరకే ఇస్తాం అన్న పరిమితి ఉంటుంది. మొత్తం కవర్ ఐదు లక్షలున్నా ప్రసవానికి అందులో చిన్న భాగమే.

గది అద్దె పరిమితి మరో మెలిక. ఉదాహరణకు పాలసీలో రోజుకు రూ.5 వేల గది అని ఉండి మీరు రూ.10 వేల గది తీసుకుంటే, కొన్ని పాలసీల్లో డాక్టర్ ఫీజు, థియేటర్ చార్జీలు కూడా సగమే ఇస్తారు. గది తేడా ఒక్కటే మనం కట్టుకుంటే సరిపోతుంది అనుకుంటే డిశ్చార్జ్ రోజు షాక్ తగులుతుంది. "ఇన్సూరెన్సా, క్యాషా?" అని కౌంటర్లో ముందే అడిగారంటే, రేటు రెండింటికీ ఒకటేనా అని మీరు కూడా అడగండి.

ధరలకు రూల్ ఏమీ లేదా?

ఉంది. కాగితం మీద ఉంది. 2010 నాటి కేంద్ర క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం, దాని కింద 2012లో వచ్చిన నిబంధనల ప్రకారం.. ప్రతి ఆసుపత్రీ తన రేట్లను స్థానిక భాషలో, ఇంగ్లిష్‌లో అందరికీ కనబడేలా పెట్టాలి. ప్రభుత్వం నిర్ణయించిన రేట్ల పరిధిలోనే వసూలు చేయాలి. తెలంగాణ ఈ కేంద్ర చట్టాన్ని తీసుకుంది. ఏపీకి 2002 నాటి సొంత చట్టం ఉంది.

అయితే ఆ రేట్ల పరిధిని ఎవరు నిర్ణయించాలి? ఏళ్లు గడిచినా అది తేలలేదు. 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఇదే ప్రశ్నతో కేంద్రాన్ని నిలదీసింది. రాష్ట్రాలతో మాట్లాడి ప్రామాణిక ధరలు తేల్చాలని చెప్పింది. డాక్టర్ల సంఘాల వాదన ఏంటంటే.. పల్లెలో పది పడకల ఆసుపత్రికీ, నగరంలో మూడొందల పడకల ఆసుపత్రికీ ఒకే ధర ఎలా పెడతారని. అందులో న్యాయం ఉంది. ఒకే ధర అక్కర్లేదు. కానీ ధర ముందే చెప్పాలన్న దానికి మాత్రం అభ్యంతరం ఎందుకు? హోటల్లో ఇడ్లీకి బోర్డు ఉంటుంది. సెలూన్‌లో కటింగ్‌కు బోర్డు ఉంటుంది. తెలుగు రాష్ట్రాల్లో ఎన్ని ఆసుపత్రుల గోడ మీద డెలివరీ రేటు తెలుగులో కనబడుతుంది? ఈసారి వెళ్లినప్పుడు మీరే చూడండి.

రేట్లతో పాటు ఇంకో అంకె కూడా బయటపెట్టాలి. తొలి కాన్పుకు వచ్చిన వంద మందిలో ఈ ఆసుపత్రి ఎంతమందికి ఆపరేషన్ చేసింది? రిస్క్ కేసులు ఎక్కువ వచ్చే ఆసుపత్రికి అన్యాయం జరగకుండా, గర్భిణులను పది గుంపులుగా విడగొట్టి లెక్క తీసే రాబ్సన్ పద్ధతిని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎప్పుడో సూచించింది. జిల్లా వైద్యాధికారి ఆఫీసులు ఆ లెక్కను ఆసుపత్రుల వారీగా జనం ముందు పెడితే, సగం పని అదే చేస్తుంది.

ఏడో నెలలోనే అడగాల్సిన ప్రశ్నలు

బేరం ఆడే టైమ్ లేబర్ రూమ్ బయట కాదు. ఏడో నెలలో, ఓపీలో. ముఖ్యంగా చెకప్‌లన్నీ ఒక ఊళ్లో చేయించుకుని పురుడుకు పుట్టింటికి వెళ్లేవాళ్లు జాగ్రత్త. నెలలు నిండాక కొత్త ఆసుపత్రికి వెళ్తే అక్కడి డాక్టర్‌కు మీ కేసు తెలియదు, మీకు వాళ్ల రేట్లు తెలియవు. ఫైలు మొత్తం వెంట తీసుకెళ్లండి. వీలైతే ఒకసారి ముందే వెళ్లి చూపించుకోండి. ఈ కింది ప్రశ్నలు అడగండి.

1. నార్మల్‌కు ఎంత, సిజేరియన్‌కు ఎంత? కాగితం మీద రాసిస్తారా?
2. ప్యాకేజీలో ఎన్ని రోజులు? అందులో లేనివి ఏంటి?
3. మందులు, మత్తు డాక్టర్, పిల్లల డాక్టర్ ఫీజు కలిపేనా?
4. బిడ్డ బిల్లు వేరేనా? ఎన్‌ఐసీయూ ఇక్కడే ఉందా? రోజుకు ఎంత?
5. నార్మల్ కోసం ప్రయత్నించి చివరికి ఆపరేషన్ అయితే రెండు చార్జీలూ పడతాయా?
6. రాత్రిపూట, ఆదివారం అయితే అదనంగా ఏమైనా ఉందా?
7. రక్తం అవసరమైతే ఏర్పాటు ఎవరిది?
8. తొలి కాన్పుల్లో మీ దగ్గర నార్మల్ ఎంత శాతం?

చివరి ప్రశ్నకు విసుక్కోకుండా సమాధానం చెప్పే డాక్టర్ దొరికితే సగం దిగులు తీరినట్టే.

డిశ్చార్జ్ రోజు ప్రతి వస్తువూ విడివిడిగా రాసిన బిల్లు అడగండి. అది మీ హక్కు. బిల్లు బాకీ ఉందన్న పేరుతో తల్లినో బిడ్డనో ఆపేసే అధికారం ఆసుపత్రికి లేదని రోగుల హక్కుల పత్రం చెబుతోంది. అన్యాయం జరిగిందనిపిస్తే జిల్లా వైద్యాధికారికి ఫిర్యాదు చేయొచ్చు. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందకు వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే తేల్చింది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబర్ 1915.

చివరగా..

తెలుగు రాష్ట్రాల్లో వంద కాన్పుల్లో 96, 97 ఆసుపత్రిలోనే జరుగుతున్నాయి. ఒకప్పుడు ఇంట్లో పురుడు పోసుకుని ప్రాణాలు పోగొట్టుకున్న తల్లులెందరో. అక్కడి నుంచి ఇక్కడి దాకా రావడం చిన్న విజయం కాదు. కానీ ఆసుపత్రి గడప దాకా తీసుకొచ్చిన ప్రభుత్వాలు, గడప లోపల ఏ రేటు ఉందో మాత్రం పట్టించుకోవడం లేదు. కాచుకుని కూర్చున్న డాక్టర్ కంటే కత్తెర పట్టిన డాక్టర్‌కు ఎక్కువ డబ్బు వచ్చినంత కాలం, రేటు బోర్డు గోడ మీదకు రానంత కాలం, ఈ తేడాలు తగ్గవు. అంతవరకు మన చేతిలో ఉన్నది ఒక్కటే. బెంచీ మీద కూర్చున్నాక కాదు, రెండు నెలల ముందే అడగడం. ఇంట్లో గర్భిణి ఉంటే ఈ ఎనిమిది ప్రశ్నలు ఇవాళే ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి. వచ్చే చెకప్‌కు ఫైలుతో పాటు అదీ తీసుకెళ్లండి.